చేతికి పని సరే, చదువు మాటేమిటి?

తెల్లవారుజామున ఐదు గంటలకి మా ఎలమంచిలి హైవే మీదికి వెళ్లి చూడండి. చేతిలో టిఫిన్ క్యారేజీ, మెడలో కంపెనీ కార్డు, చలికి తల చుట్టూ బిగించిన చున్నీ. గుంపులు గుంపులుగా ఆడపిల్లలు కంపెనీ బస్సుల కోసం నిలబడి ఉంటారు. ఇక్కడికి పదిహేను కిలోమీటర్ల లోపే అచ్యుతాపురం సెజ్. బట్టలు కుట్టేవీ, మందులు తయారుచేసేవీ అక్కడ ఎన్నో ఫ్యాక్టరీలు. ఒకప్పుడు మా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లకి పని అంటే వరి ఊడ్పులు, చెరుకు తోటలు, జీడిమామిడి తోటలు, ఏటికొప్పాకలో అయితే లక్కబొమ్మల పని. ఇప్పుడు నెల తిరిగేసరికి బ్యాంకులో జీతం పడుతోంది. తన పెళ్లికి తన డబ్బుతోనే గొలుసు చేయించుకున్న పిల్లలు మా వీధిలోనే ఇద్దరున్నారు. ఇది చిన్న విషయం కాదు. నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు.

వాళ్లలో కొందరు నా దగ్గర చదువుకున్నవాళ్లే. చదువుకున్నవాళ్లు అనేకంటే, నా క్లాసులో చదువు ఆపేసినవాళ్లు అంటే సరిగ్గా ఉంటుందేమో. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. ఎంతమందిని పాస్ చేయించానో గుర్తులేదు గానీ, లెక్కల్లో తప్పి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లల మొహాలు మాత్రం గుర్తున్నాయి.

ఆమధ్య ఒక ఆదివారం అలాంటి అమ్మాయే మా ఇంటికి వచ్చింది. ఇరవయ్యారేళ్లుంటాయి. నాలుగేళ్ల బాబు. ఆరేళ్లుగా ఒక కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్లో పనిచేస్తోంది. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. ఫోన్లో ఫోటో తీసుకున్న ఒక కాగితం చూపించి, "ఇందులో ఏటి రాసుందో కాస్త సెప్పండి టీచరుగారూ" అంది. ఇంగ్లీషులో నాలుగు లైన్లు. రాత్రి షిఫ్టులో పనిచేయడానికి నాకు పూర్తి అంగీకారమే, ఇందులో ఎవరి బలవంతమూ లేదు అని దాని సారాంశం. కింద తన సంతకం.

"చదవకుండా సంతకం పెట్టేశావా?"

"అందరూ ఎట్టేసారండి, నేనూ ఎట్టేసాను. తరవాత నైటు డూటీ పడ్డాదండి. అప్పుడు తెలిసింది అదేటో."

కోపం వచ్చింది. ఎవరి మీదో వెంటనే తెలియలేదు. ఆలోచిస్తే కొంత నా మీదా ఉందనిపించింది. ఆ పిల్ల టెన్త్ తప్పింది లెక్కల్లోనే.

'అంగీకారం' అంటే ఏమిటి?

ఇప్పుడు ఈ మాట ఎందుకెత్తానంటే, ఆ ఒక్క కాగితం విలువ ఈమధ్య బాగా పెరిగింది. కొన్నేళ్ల కిందటి వరకూ ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లని రాత్రిపూట పనిలో పెట్టుకోవడానికి ప్రత్యేకంగా అనుమతులుండాలి. 2025లో మన రాష్ట్రంలో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, రోజువారీ పనివేళల పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచారు. వారానికి 48 గంటలన్నది అలాగే ఉంచారు. స్త్రీలు రాత్రి షిఫ్టులో పనిచేయవచ్చన్నారు, వాళ్లు ఒప్పుకుంటేనే. అదే ఏడాది నవంబరు 21న దేశమంతటా నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలోనూ అదే మాట. ఆడవాళ్లు ఏ పనిలోనైనా, రాత్రివేళ కూడా చేరవచ్చు, అయితే వాళ్ల సమ్మతి ఉండాలి, భద్రత ఏర్పాట్లుండాలి.

సూత్రంగా చూస్తే నేను దీన్ని కాదనను. రాత్రిపూట పనిచేసే హక్కు మగవాడికి ఉన్నప్పుడు ఆడదానికి ఎందుకు ఉండకూడదు? నర్సులు చేయడం లేదా? కానీ చట్టం మొత్తం బరువు ఆ 'సమ్మతి' అనే ఒక్క మాట మీద పెట్టినప్పుడు, ఆ సమ్మతి ఇచ్చే మనిషికి కాగితం చదవడం రావాలి. అడగడం రావాలి. కాదంటే రేపు ఏమవుతుందో తెలియాలి. అంటే ఉద్యోగానికి సిద్ధం కావడమంటే వేళ్లకి వేగం నేర్పడం ఒక్కటే కాదన్నమాట.

ఈ సంగతి మనకంటే చాలా ముందే కనిపెట్టి, దాని చుట్టూ తన జీవితమంతా అల్లుకున్న ఒక తెలుగు స్త్రీ ఉన్నారు. ఏటా జులై 15న ప్రపంచ యువ నైపుణ్య దినం జరుపుకుంటున్నాం కదా. ఐక్యరాజ్యసమితి 2014లో ఆ రోజును ప్రకటించింది. మరుసటి ఏడాది సరిగ్గా అదే తేదీన కేంద్ర ప్రభుత్వం స్కిల్ ఇండియాను మొదలుపెట్టింది. బ్యానర్లు కడతారు, ర్యాలీలు తీస్తారు. అదే జులై 15న, 1909లో, రాజమండ్రిలో పుట్టారు దుర్గాబాయి దేశ్‌ముఖ్. నేను విన్న నైపుణ్య దినం ప్రసంగాల్లో ఆమె పేరు ఒక్కసారీ వినపడలేదు.

టికెట్ లేదని నెహ్రూని ఆపిన పిల్ల

1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖాదీ ప్రదర్శన దగ్గర వాలంటీరుగా ఉండి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూని లోపలికి పోనివ్వని పధ్నాలుగేళ్ల పిల్ల కథ మీరందరూ వినే ఉంటారు. పాఠ్యపుస్తకాల వాళ్లకి ఆ కథంటే ఎంత ఇష్టమో! దాంతోటే ఆమెని సరిపెట్టేస్తారు. నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాతి సంగతి.

ఎనిమిదేళ్లకి పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ కాపురం వద్దనుకుని బయటికొచ్చారు. ఉప్పు సత్యాగ్రహంతో మొదలుపెట్టి 1930-33 మధ్య మూడుసార్లు జైలుకెళ్లారు. మదురై జైల్లో ఒంటరి గదిలో ఉన్నారు. చదువులేక, తమ మీద ఏ నేరం మోపారో కూడా సరిగా తెలియకుండా శిక్ష అనుభవిస్తున్న ఆడఖైదీలను జైల్లో చూశాకే న్యాయశాస్త్రం చదవాలన్న పట్టుదల ఆమెకి కలిగింది. మా ప్యాకింగ్ అమ్మాయి కాగితం చూసినప్పుడు నాకు ఠక్కున గుర్తొచ్చింది ఇదే. తొంభై ఏళ్లు గడిచాయి. జైలు పోయి ఫ్యాక్టరీ వచ్చింది. చదవలేని కాగితం మాత్రం అలాగే ఉంది.

లా చదవాలంటే ముందు మెట్రిక్ కావాలి. ఇరవై దాటిన మనిషిని ఏ స్కూలు చేర్చుకుంటుంది? బెనారస్ మెట్రిక్‌కి ప్రైవేటుగా కట్టి పాసయ్యారు. తర్వాత బి.ఏ.కి వచ్చింది మన ప్రాంతానికే, వాల్తేరులోని ఆంధ్రా యూనివర్సిటీకి. ఎలమంచిలి నుంచి సుమారు అరవై కిలోమీటర్లు. అక్కడ వైస్ ఛాన్సలర్ సి.ఆర్. రెడ్డిగారు అమ్మాయిలకు హాస్టల్ లేదు కనుక చేర్చుకోవడం కష్టమన్నారు. మనమైతే ఏం చేస్తాం? ఏడ్చి ఇంటికొస్తాం. ఆవిడ పేపర్లో ప్రకటన ఇచ్చి, చదువుకోవాలని ఉండి చోటు లేక ఆగిపోయిన అమ్మాయిలను పోగుచేసి, ఒక హాస్టల్ నడిపించి, ఇదిగో హాస్టల్, ఇక సీటివ్వండి అన్నారు. సీటొచ్చింది. అక్కడే ఎం.ఏ. కూడా చేసి, 1942లో మద్రాసులో లా పట్టా తీసుకున్నారు.

ఈలోగా 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. సభ అంటే తీర్మానాలు చేసే సభ అనుకునేరు. చుట్టుపక్కల ఆడపిల్లలను చేరదీసి, తను పాసైన ఆ బెనారస్ మెట్రిక్‌కే వాళ్లని తయారుచేయడంతో మొదలైన సంస్థ అది. తను ఎక్కిన నిచ్చెనని పక్కన పడేయకుండా వెనకున్నవాళ్లకి వేసిందన్నమాట.

రెండు ఖాళీలను కలిపిన ఆలోచన

రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు. తర్వాత ప్రణాళికా సంఘంలో చోటు దొరికింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి తొలి అధ్యక్షురాలు ఆమే. ఆ ఏడాదే అప్పటి ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌తో పెళ్లి. ('అయితే నిధులకేం లోటు' అని గిట్టనివాళ్లు అనుకునే ఉంటారు. అనుకోనివ్వండి.)

పంచవర్ష ప్రణాళికలకి పల్లెల్లో గ్రామసేవికలు, టీచర్లు, నర్సులు, మంత్రసానులు కావాలి. పోస్టులున్నాయి, మనుషుల్లేరు. ఎందుకంటే ఆ ఉద్యోగాలకి కనీసం మిడిల్ స్కూలో, మెట్రిక్కో పాసై ఉండాలి. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి తొమ్మిదిమంది ఆడవాళ్లకి కూడా అక్షరాలు రావు, ఇక మెట్రిక్ ఎక్కడ? ఇటు చూస్తే నాలుగో, ఐదో క్లాసు చదివి, భర్త పోయో, భర్త వదిలేసో, బతుకుతెరువు కోసం కుట్టుమిషన్ ఇప్పించమని దరఖాస్తులు పెట్టుకునే ఆడవాళ్లు బోలెడుమంది. ఒకవైపు మనుషులు లేని ఉద్యోగాలు, మరోవైపు ఉద్యోగాలు లేని మనుషులు. మధ్యలో అడ్డం పరీక్ష.

దుర్గాబాయి ఆ అడ్డాన్నే పట్టుకున్నారు. పెద్దవయసు స్త్రీ తెలివి చిన్నపిల్ల తెలివి కాదు, లోకం చూసిన తెలివి. ఆమెకి ఐదేళ్ల చదువుని ఐదేళ్లూ చెప్పక్కర్లేదు, రెండేళ్లలో చెప్పవచ్చు అన్నారు. 1958లో సంక్షేమ బోర్డు దేశమంతటా మొదలుపెట్టిన 'కండెన్స్‌డ్ కోర్సులు' ఇవే. చదువుతోపాటు ఉండటానికి వసతి. పాసైతే టీచర్ ట్రైనింగుకో, నర్సింగుకో దారి. మీ ఇళ్లలోనూ అడిగి చూడండి, ఏ పెద్దత్తయ్యో, ఏ పిన్నమ్మో ఆ కోర్సు చదివి టీచరమ్మ అయిన కథ ఉండొచ్చు.

అదే ఏడాది స్త్రీవిద్య మీద కేంద్రం వేసిన జాతీయ సంఘానికీ ఆమే అధ్యక్షురాలు. 1959లో నివేదిక ఇచ్చారు. మగపిల్లల చదువుకీ ఆడపిల్లల చదువుకీ మధ్య ఉన్న తేడాని పోగొట్టడమే ప్రత్యేక సమస్యగా తీసుకుని, దానికి విడిగా డబ్బు, విడిగా యంత్రాంగం పెట్టాలన్నారు. పల్లెల్లో టీచరమ్మలకి క్వార్టర్లు కట్టమన్నారు. పాఠం చెప్పే మనిషి రాత్రి ఎక్కడ పడుకుంటుందన్నది కూడా విద్యావిధానంలో భాగమేనని, వాల్తేరులో హాస్టల్ లేక తిప్పలు పడ్డ మనిషికి వేరే చెప్పాలా!

లోపాల్లేవా అంటే ఉన్నాయి. ఆడవాళ్లకి తగిన ఉద్యోగమంటే టీచరు, నర్సు, సేవిక అనే గీత లోపలే ఆ కాలం ఆలోచన తిరిగింది. సర్కారు పోస్టులున్నంతకాలం ఆ కోర్సుకి విలువ, పోస్టులు తగ్గితే అదీ తగ్గుతుంది. ఆఖరికి 2022లో ఆ సంక్షేమ బోర్డునే మూసేశారు. పత్రికల్లో ఎక్కడో లోపలి పేజీల్లో వచ్చింది ఆ వార్త.

ఇవాళ్టి లెక్కలు

ఇప్పుడు మనం చేస్తున్నదేమిటి? కొన్ని వందల గంటల శిక్షణ, ఒక సర్టిఫికెట్, ఒక గ్రూప్ ఫోటో. అసలు శిక్షణే వద్దని నేననను. కానీ కేంద్రం నైపుణ్య శిక్షణ పథకం మీద కాగ్ నివేదిక 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకొచ్చింది. శిక్షణ పొందినవాళ్లలో అత్యధికుల విషయంలో బ్యాంకు ఖాతా నంబరు రాయాల్సిన గడి ఖాళీగానో, సున్నాలతోనో ఉందట! ఆ మనిషి ఎవరో, ఎక్కడుందో, ఉద్యోగంలో నిలిచిందో లేదో ఇక ఎవరు చెబుతారు?

మరో లెక్క చూడండి. దేశంలో పదిహేనేళ్లు దాటిన స్త్రీలలో పనిలో ఉన్నవాళ్లూ, పని వెతుక్కుంటున్నవాళ్లూ కలిసి 2017-18లో 23.3 శాతం. 2023-24కి 41.7 శాతం. ఆరేళ్లలో దాదాపు రెట్టింపు. సంతోషమే. అయితే ఈ పెరుగుదలలో ఎక్కువ భాగం పల్లెల్లో సొంతపని చేసుకునేవాళ్లదీ, ఇంటి వ్యవసాయంలోనో, ఇంటి కొట్లోనో జీతం లేకుండా సాయపడేవాళ్లదీ. ఆ సాయం అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నదే. నెలజీతం వచ్చే ఉద్యోగాల వాటా అంతగా పెరగలేదు. అందుకే మా హైవే మీద బస్సెక్కే పిల్లలు ఇంకా అపురూపమే. వాళ్ల దాకా వచ్చిన అవకాశం మధ్యలో తెగిపోకుండా చూసుకోవాలి.

ఎక్కడ తెగుతోందో నేను చూస్తూనే ఉన్నాను. మొదటి చోటు, పెళ్లి. రెండోది, బిడ్డ. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 50 మందికి మించి ఆడవాళ్లున్న చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలన్నారు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థకీ అది తప్పనిసరి చేశారు. కొత్త కోడ్‌లోనూ ఆ 50 లెక్కే. చట్టానికి లోటేం లేదు. కానీ తెల్లవారుజామున ఐదింటికి, నిద్రలో ఉన్న పసివాడిని బస్సులో అంత దూరం మోసుకెళ్లగలమా? క్రెష్ ఫ్యాక్టరీ గేటు లోపల కాదు, మా ఊళ్లోనే, బస్సు ఎక్కే చోటు దగ్గర కావాలి. మా అంగన్‌వాడీ ఉదయం తెరిచేసరికి షిఫ్టు సగం అయిపోతుంది.

మూడో చోటే నేను చెప్పదలచుకున్నది. ఆరేళ్లు ఒకే బల్ల ముందు నిలబడి అట్టపెట్టెలు మూసే మనిషికి పక్కనే లైన్ లీడరు ఖాళీ వస్తుంది. పనంతా తెలిసింది ఈమెకే. కొత్తగా వచ్చిన పిల్లలకి నేర్పేదీ ఈమే. కానీ ఆ పోస్టుకి టెన్త్ పాస్ కావాలి, ఇంగ్లీషులో రిపోర్టు రాయాలి. ఇంటర్ చదివి నిన్న చేరిన కుర్రాడికి వెళ్తుంది. ఇక జీతం పెరగదు, మోకాళ్లు నొప్పులు పెరుగుతాయి, ఇంట్లో 'ఈ మాత్రానికి ఎందుకు మానెయ్' అంటారు. మానేస్తుంది. మన లెక్కల్లో ఆమె 'శిక్షణ పొంది ఉపాధి పొందిన' మనిషిగానే మిగిలిపోతుంది.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చింది. మంచిదే, నేనూ ఎక్కుతున్నాను. పిల్లల్ని బడికి పంపే తల్లులకి 'తల్లికి వందనం' డబ్బు వస్తోంది. అదీ మంచిదే. కానీ బడి మానేసిన ఆ తల్లి చదువుకి ఏముంది? ఓపెన్ స్కూల్ ఉంది. మన రాష్ట్రంలో 1991 నుంచీ ఉంది. టెన్త్‌కి పై వయసు పరిమితి లేదు. పుస్తకాలిస్తారు, పరీక్ష పెడతారు. అయితే పది గంటలు పనిచేసి వచ్చిన మనిషి ఆ పుస్తకం తనంతట తను తెరిచి చదువుకోవాలంటే అయ్యే పనేనా? దుర్గాబాయి కోర్సులో ఉన్నదీ, ఇందులో లేనిదీ ఒకటే, పక్కన కూర్చుని చెప్పే మనిషి.

నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కుకి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. అదీ మా అనకాపల్లి జిల్లాలోనే. రేపు అందులో కెమిస్టులు కావాలి, ల్యాబ్ టెక్నీషియన్లు కావాలి, గేటు దగ్గర సెక్యూరిటీ, క్యాంటీన్లో వంటమనుషులు, ఊడ్చేవాళ్లు కావాలి. మన ఆడపిల్లలు ఈ జాబితాలో ఏ కొసన ఉంటారన్నది పార్కు గోడలు లేచాక తేలేది కాదు. ఇప్పుడే, ఈ రెండు మూడేళ్లలోనే తేలిపోతుంది. భూములిచ్చేటప్పుడు కంపెనీల దగ్గర ఎన్ని ఉద్యోగాలిస్తారని అడుగుతున్నారు. ఇచ్చిన ఉద్యోగంలోంచి పైమెట్టుకి వెళ్లడానికి వారానికి నాలుగు గంటలు జీతంతో చదువుకోనిస్తారా అని కూడా అడగవచ్చు కదా. ఖాళీగా ఉండే హైస్కూలు గదులు ఆదివారం తాళాలు తీస్తే చాలు. నాలాంటి రిటైరైన టీచర్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మేం టీవీ ముందు కూర్చుని చేసేదేముంది!

'చదివి ఇప్పుడేం చేస్తుంది, జీతమేమైనా పెరుగుతుందా' అని ఆ అమ్మాయి అత్తగారు నన్ను మొహం మీదే అడిగారు. తప్పు ప్రశ్న కాదు. పెరుగుతుందని నేను హామీ ఇవ్వలేకపోయాను. "బాబుని ఆదివారం రెండు గంటలు మీరు చూసుకోండి వదినా, మిగతాది నేను చూస్తాను" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత బాబుని ఎత్తుకుని లోపలికి వెళ్లారు. అదే ఒప్పుకోలు అనుకున్నాను. ఈ ఒప్పుకోలుకి కాగితం లేదు మరి.

ఓపెన్ టెన్త్‌కి ఫీజు కట్టాం. లెక్కల్లో శాతాల దగ్గర మొదలుపెట్టాను. పుస్తకంలో లెక్క కంటే నీ జీతం స్లిప్పు తెచ్చుకో అన్నాను. తెచ్చింది. బేసిక్ మీద పీఎఫ్ 12 శాతం ఎంతో కట్టమన్నాను. మొదటిసారి తప్పింది. రెండోసారి కట్టి, స్లిప్పులో అంకెతో సరిచూసుకుని, "సరిపోయింది టీచరుగారూ!" అంది, మొహమంతా నవ్వు చేసుకుని. ఆ తర్వాత ఇంకో గడి మీద వేలు పెట్టి, "మరి ఇది ఏటండి? ఇది కూడా కోసేసారు" అని అడిగింది. చూశాను. రెండక్షరాల పొట్టిపేరు ఏదో ఉంది, నాకూ అర్థం కాలేదు. సోమవారం హెచ్ఆర్ వాళ్లని అడుగుతానని ఆ గడి చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టుకుంది.